ఆగక్క పేరున లైన్ క్లియర్

ఆవిడకి కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుంది గానీ, అది హాజరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా వినపడదు. పెద్ద టవర్ల లైన్ల మీద పనిచేసే గ్యాంగులో అందరికీ ఆవిడ ఆగక్క. పొద్దున్నే వ్యాన్ ఎక్కిన దగ్గర్నించి సాయంత్రం దిగేదాకా ఆవిడ నోట ఎక్కువగా వచ్చే మాట "ఆగు!" తాడు లాగేవాణ్ణి ఆగమంటుంది, టీ గ్లాసు పట్టుకుని టవర్ కిందుగా నడిచేవాణ్ణి ఆగమంటుంది. బెల్టు పెట్టుకోకుండా టవర్ మీద కాలు పెట్టినవాడికైతే ఆ ఒక్క మాటతో సరిపెట్టదు, వాడి ఏడు తరాలనీ పలకరించి మరీ కిందకి దింపుతుంది. మొదట్లో వెక్కిరింపుగా పెట్టిన పేరే అది. ఇప్పుడు అలా పిలవకపోతే ఆవిడే వెనక్కి తిరిగి చూడదు.

పన్నెండేళ్ళ కిందట గ్యాంగులో చేరినప్పుడు ఆడమనిషికి టవర్ మీద ఏం పనని అందరూ ముక్కున వేలేసుకున్నారు. చేతికో తాడిచ్చి కింద నిలబెట్టారు. ఆవిడేం తక్కువ తిందా? తాడు పట్టుకునే పైకి చూస్తూ ఉండేది. ఎవడు ఏ బోల్టు ముందు విప్పుతున్నాడు, ఎవడి చెయ్యి వణుకుతోంది, ఎవడు తప్పు చేసి ఎవరైనా చూశారా అని దిక్కులు చూస్తున్నాడు, అన్నీ కనిపెట్టేది. నాలుగేళ్ళకి పైకెక్కింది. ఎక్కాక మళ్ళీ తాడు దగ్గర నిలబెట్టే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

మొగుడు దర్జీ. వీధి చివర గదిలో మిషను పెట్టుకుని పొద్దస్తమానం తొక్కుతూనే ఉంటాడు. "మా ఇంట్లో ఇద్దరం కుట్టుపనివాళ్ళమే. ఆయన కుట్టు ఊడితే చొక్కా చిరుగుతుంది, నా కుట్టు ఊడితే ఊరు చీకటవుతుంది" అని చెప్పి ఆవిడే పగలబడి నవ్వుతుంది. అత్తగారు మాత్రం కోడలు కరెంటాఫీసులో కాగితాలు రాస్తుందని ఇరుగుపొరుగుతో చెప్పుకునేది. అబద్ధం ఎందుకత్తయ్యా అంటే, "నిజం నా నోటితో నేనే చెప్పుకుంటే నాకు గుండె దడే, తల్లీ" అనేది ఆ పెద్దావిడ.

ఈ పని సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఆగక్క ఎందుకంత మొండికేసిందో అర్థం కాదు. టవర్ల మీద వెళ్ళే తీగ దూరం నుంచి ఒకే కడ్డీలా ఉంటుంది గానీ, అది పేనిన తాడు. బయట ముప్ఫై అల్యూమినియం పోగులు, వాటి నడుమ ఏడు ఉక్కు పోగులు. అల్యూమినియం కరెంటు మోస్తుంది, ఉక్కు బరువు మోస్తుంది. బయటి పోగులు రెండో మూడో తెగితే పైన కడ్డీలు చుట్టి సరిచేస్తారు. ఇంకాస్త ఎక్కువ తెగితే గొట్టంలాంటి తొడుగు వేసి బిగిస్తారు, దాన్ని స్లీవ్ అంటారు. ఉక్కు గనక దెబ్బతింటే ఈ పైపై వైద్యాలేవీ పనికిరావు. దెబ్బతిన్న ముక్కని కోసి పారేసి, రెండు కొసలనీ మళ్ళీ అతకాల్సిందే. ఏది చెయ్యాలో తేల్చేది కళ్ళు కాదు, వేళ్ళు. పోగు పోగూ విడదీసి లెక్కపెట్టాలి. ఆ లెక్కలో ఆగక్కని మించినవాళ్ళు ఆ గ్యాంగులోనే కాదు, చుట్టుపక్కల ఏ గ్యాంగులోనూ లేరు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి.

ఆ రోజు ఆదివారం. రెండ్రోజుల ముందు రోడ్డు పక్కన ఏదో కట్టడం పనిలో క్రేను చెయ్యి చాచి తీగ దగ్గరికి పోయింది. ఫెళ్ళున మంట లేచింది, లైను కొట్టేసి కరెంటు పోయింది. క్రేనువాడి అదృష్టం బాగుండి బతికిపోయాడు. లైనుకి మళ్ళీ కరెంటు ఇచ్చారు గానీ, కింద నుంచి బైనాక్యులర్‌తో చూస్తే రెండు టవర్ల నడుమ నాలుగు పోగులు తెగి మీసాల్లా వేలాడుతున్నాయి. స్లీవ్ వేస్తే సరిపోతుందని ఇంజనీరు గారు కాగితం మీద రాసేశాడు. పొద్దున్న తొమ్మిదింటి నుంచి ఒంటిగంట దాకా లైన్ క్లియర్ తీసుకున్నాడు.

లైన్ క్లియర్ అంటే ఆషామాషీ కాగితం కాదు. లైన్లో కరెంటు ఆపి, "ఇక ఇది నీ చేతిలో ఉంది, నువ్వు తిరిగిచ్చేదాకా ఇక్కడ స్విచ్చి ఎవ్వరూ ముట్టుకోరు" అని సబ్‌స్టేషన్ వాళ్ళు ఒక్క మనిషి పేరున రాసిచ్చేది. పైన ఎక్కిన వాళ్ళందరి ప్రాణాలూ ఆ ఒక్క పేరు మీద ఉంటాయి. ఆ ఆదివారం మొదటిసారిగా ఆ కాగితం మీద ఆగక్క పేరు పడింది.

అంతకుముందు పద్నాలుగేళ్ళు ఆ పేరు మేస్త్రిది. చెయ్యి తిరిగిన పనివాడు, నోరు కాస్త దురుసు. కిందటేడు ఒక పని ముగించే తొందరలో లెక్క తప్పాడు. పనిచేసే చోటుకి రెండు పక్కలా మూడు తీగలకీ ఎర్త్ వైర్లు తగిలిస్తారు. ఎక్కడి నుంచైనా పొరపాటున కరెంటు వస్తే అది మనిషి మీదకి కాకుండా భూమిలోకి పోవడానికి. ఆరు పైకెళ్ళాయి, ఐదే కిందకొచ్చాయి. మేస్త్రి ఆరూ వచ్చాయనుకుని లైను తిరిగిచ్చేశాడు. కరెంటు ఇవ్వగానే సబ్‌స్టేషన్ ఢామ్మంది. మనుషులకేం కాలేదు గానీ, లైన్ క్లియర్ పర్మిట్ ఎవరెవరికి ఇవ్వొచ్చో రాసుకునే పుస్తకంలోంచి మేస్త్రి పేరు కొట్టేశారు. తన చేతి కింద తాడు పట్టుకున్న మనిషి దగ్గర ఇప్పుడు తను పనిచెయ్యాలి. మింగలేక కక్కలేక ఉన్నాడు పాపం.

ఆగక్కకీ ఇది కత్తి మీద సామే. ముందురోజే ఇంజనీరు గారు తేల్చి చెప్పాడు. "నీ పేరుకి పైవాళ్ళని ఒప్పించేసరికి నా తలప్రాణం తోకకొచ్చిందమ్మా. ఒంటిగంటంటే ఒంటిగంటే. తేడా వస్తే మళ్ళీ నీ పేరు రాయమని అడిగే మొహం నాకుండదు."

పొద్దున్న వ్యాన్లోకి సామాను ఎక్కిస్తున్నప్పుడు ఆగక్క అతుకు వేసే ప్రెస్సు కూడా ఎక్కించమంది. ఇనప దిమ్మ, నలుగురు పట్టుకుంటే గానీ లేవదు. మేస్త్రి వెంటనే అందుకున్నాడు.

"స్లీవ్ వెయ్యడానికి ప్రెస్సెందుకమ్మాయ్? పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు!"

"పిల్లి నా చంకలోనే కదా ఉండేది, మీకేం బరువు మేస్త్రి గారూ? ఎక్కించండి" అంది.

తొమ్మిదిన్నరకల్లా పని చోట ఎర్త్‌లు పడ్డాయి. ముందు కరెంటు లేదని పరికరంతో చూశారు, తరవాత తగిలించారు, ఆరూ ఆగక్క కళ్ళారా చూసి పుస్తకంలో రాసుకుంది. రోడ్డుకి రెండు వైపులా ఎర్రజెండాలు పట్టుకుని మనుషులు నిలబడ్డారు. మనుషుల్ని పైకెత్తే బకెట్ బండి చెయ్యి లేచింది. బకెట్లో ఆగక్క, పక్కన సన్నోడు. పేరుకి సన్నోడే గానీ ఇద్దరు పిల్లల తండ్రి, చేతులు మాత్రం చెక్క గూటాల్లా ఉంటాయి.

ఆగక్క తెగిన నాలుగు పోగుల్నీ మెల్లిగా వెనక్కి వంచింది. కింది వరస పోగుల్ని వేళ్ళతో ఎడం చేసి చూసింది. నల్లగా కమిలి ఉంది. ఇంకొంచెం ఎడం చేసింది. ఉక్కు పోగు మీద గోరు పెట్టి గీసుకుంటూ పోతే, ఒక చోట గోరు గాట్లో పడింది. పక్క పోగు మీద ఇంకో గాటు. ఏడింట్లో రెండు పూర్తిగా తెగిపోయాయి, మూడోది మంటకి మెత్తబడి నీలం తిరిగింది. ఇది స్లీవ్ పని కాదు. కోసి అతకాలంటే ఇంకో నాలుగు గంటలైనా కావాలి. మొట్టమొదటి పర్మిట్టుకే ఇలా రాసిపెట్టి ఉందేంట్రా దేవుడా అనుకుంది.

కిందకి దిగి ఫోన్ చేసింది. ఇంజనీరు గారు అంతా విని అన్నాడు. "ఆలస్యం అమృతం విషం అంటారు. ఇప్పటికి స్లీవ్ వేసి దిగండమ్మా. వచ్చే నెల మళ్ళీ లైన్ క్లియర్ తీసుకుని తీరిగ్గా అతుకుదాం. స్లీవ్ కింద ఏముందో ఎవరు చూడొచ్చారు?"

"నేను చూశాను కదా సార్."

"ఏమ్మా, నాకు పాఠాలు చెప్తున్నావా?"

"లేదు సార్. పైన పటారం లోన లొటారం పని నా పేరున వద్దంటున్నాను, అంతే. విరిగింది ఎముక. పైన గుడ్డ చుట్టి నడవమంటే ఎలా నడుస్తుంది? గాలికి ఊగి ఊగి మిగతా ఉక్కు కూడా తెగితే తీగ రోడ్డు మీద పడుతుంది. ఈ రోడ్డు మీద బడి పిల్లల బస్సులు వెళ్తాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?"

అవతల ఫోన్ టక్కున పెట్టేశాడు. ముప్పావుగంటలో జీపు వచ్చి ఆగింది. ఇంజనీరు గారు దిగాడు. చెడ్డవాడేం కాదు, పైనుంచి గంటగంటకీ ఫోన్లు వస్తుంటే ఏం చేస్తాడు? మొహం మాత్రం కందగడ్డలా ఉంది. ఆగక్కని పలకరించలేదు, నేరుగా మేస్త్రి దగ్గరికి వెళ్ళాడు. అందరికీ వినపడేలాగే అన్నాడు.

"మేస్త్రి గారూ, ఈ పర్మిట్ మీ పేరున మార్పిస్తాను. స్లీవ్ వేసి ఒంటిగంటకి లైను ఇచ్చెయ్యండి. మీ పాత సంగతి నేను పైన మాట్లాడతాను. మళ్ళీ పుస్తకంలో మీ పేరే ఉంటుంది."

గ్యాంగంతా ఊపిరి బిగబట్టింది. ఏడాదిగా మేస్త్రి పోగొట్టుకున్నది, ఆకలేసినవాడికి విస్తరి వేసినట్టు ముందు పెట్టాడు ఆ పెద్దమనిషి. మేస్త్రి స్థానంలో ఎవరున్నా ఏమంటారు? అయినా ఆగక్క ఒక్క మాటే అంది. "పర్మిట్ పుచ్చుకునేవాళ్ళు ముందు పైకెళ్ళి చూడాలి సార్. రూలు అదే. చూడమనండి."

మేస్త్రి బెల్టు బిగించుకుని బకెట్ ఎక్కాడు. పైన చాలాసేపు ఉన్నాడు. కింద నుంచి ఆయన వంగిన వీపు తప్ప ఏమీ కనపడలేదు. ఒకసారి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. దిగాక చేతిగుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఇంజనీరు గారి ముందు నిలబడ్డాడు.

"సార్, సంతకం పెడితే నా పేరు నాకొస్తుంది. ఆశ లేదని చెప్తే అబద్ధమవుతుంది. కిందటేడు నేను లెక్క తప్పాను, శిక్ష పడింది, సరిపోయింది. అది పొరపాటు. ఇది తెలిసి చేసేది. రెండు తెగాయి, మూడోది చచ్చింది. నేను సంతకం పెట్టను. పర్మిట్ ఎవరి పేరునుందో వాళ్ళ పేరునే ఉండనివ్వండి."

ఇంజనీరు గారు తల పట్టుకున్నాడు. "అయితే పైవాళ్ళకి మీరే చెప్పుకోండి" అని ఫోన్ ఆగక్క చేతిలో పెట్టాడు. ఏదో కోపంలో అన్నాడు గానీ, ఆవిడ నిజంగానే కంట్రోల్ రూముకి చేసింది. ఉక్కు ఎన్ని పోగులు పోయిందో చెప్పింది, సాయంత్రం ఐదున్నర దాకా గడువు కావాలంది. ఇవ్వకపోతే పని చెయ్యకుండానే దిగుతాననీ, ఈ లైను కరెంటు ఇవ్వడానికి పనికిరాదని రాసి మరీ దిగుతాననీ చెప్పింది. అవతలివాళ్ళు గొణిగారు, సణిగారు, ఎవరినో అడిగారు, చివరికి సరేనన్నారు. తరవాతి సంగతి తరవాత చూస్తామని కూడా అన్నారు. ఆ మాటలో బెదిరింపు ఆవిడకి తెలియకపోలేదు.

ప్రెస్సు వ్యాన్లోంచి దిగింది. దింపుతూ మేస్త్రి, "పిల్లి పనికొచ్చిందమ్మాయ్" అన్నాడు. అంత గొడవలోనూ అందరూ నవ్వారు.

తెగగొట్టబోయే చోటుకి రెండు పక్కలా తీగకి పట్లు వేసి, మధ్యలో గొలుసు కప్పీతో లాగి బిగించారు. తీగ బరువంతా గొలుసు మీదకి వచ్చింది. మధ్య ముక్క వదులైంది. సన్నోడు కట్టర్ అందుకున్నాడు.

"ఆగు! తెగగొట్టే ముందు కలపాలి" అంది ఆగక్క.

"రెండు పక్కలా ఎర్త్‌లున్నాయి కదక్కా?"

"ఉన్నాయి. టవర్ అవతలి పక్క ఇంకో లైను కరెంటుతో నడుస్తోంది, కనపడట్లేదా? దాని పక్కన ఉన్నందుకే మన చచ్చిన తీగలో కూడా కరెంటు పుడుతుంది. తీగ తెగిందనుకో, ఒక కొస ఒక చేత్తో, రెండో కొస రెండో చేత్తో పట్టుకున్నావనుకో, అది నీలోంచే దారి చూసుకుంటుంది. మీ ఆవిడకి నేనేం సమాధానం చెప్పను?"

తెగబోయే చోటుకి అటూ ఇటూ కలుపుతూ లావుపాటి రాగి కేబుల్ బిగించారు. రెండో కొస బిగుస్తుంటే చిటుక్కున చిన్న నిప్పురవ్వ ఎగిరింది. ఆ తరవాత ఆవిడ ఏం చెప్పినా సన్నోడు ఎదురు అడగలేదు.

మూరెడు ముక్క కోశారు. ఉక్కు కొసలు శుభ్రం చేశారు. చిన్న ఉక్కు గొట్టంలో రెండు కొసలూ దూర్చి ప్రెస్సుతో నొక్కాలి, దాని మీద పెద్ద అల్యూమినియం గొట్టం జరిపి అదీ నొక్కాలి. సన్నోడు హుషారుగా ఉక్కు కొసలు దగ్గరికి తెస్తున్నాడు.

"ఆగరా నాయనా! పెద్ద గొట్టం ఏదీ?"

పెద్ద గొట్టం బకెట్ అడుగున పడి ఉంది. దాన్ని ముందే ఒక పక్క తీగకి తొడిగి పెట్టుకోవాలి. ఉక్కు అతికాక ఇక దాన్ని ఎక్కించడం బ్రహ్మతరం కూడా కాదు, మళ్ళీ కోసుకోవాల్సిందే. ఈ పొరపాటు చెయ్యని గ్యాంగు లేదు. కింద నుంచి మేస్త్రి అరిచాడు, "నేనూ చేశాన్రా! రెండుసార్లు! మొదటిసారి ఎవరికీ చెప్పలేదు!" సన్నోడు నాలిక కరుచుకుని గొట్టం తొడిగాడు.

ప్రెస్సు ఒక్కో నొక్కు నొక్కుతుంటే ఆగక్క ప్రతి నొక్కునీ కొలత పెట్టి చూసింది. అంచులు ఆకురాయితో రుద్దింది. మొదట కేబుల్ కాదు, గొలుసు వదులు చెయ్యమంది. బరువు మెల్లిగా అతుకు మీదకి వచ్చింది. అతుకు ఇసుమంత కదల్లేదు. అప్పుడు రాగి కేబుల్ విప్పించింది. ఆవిడ ఆ అతుకు మీద అరచెయ్యి వేసి కాసేపు అలాగే ఉంది. గర్వం కాకపోతే మరేంటది? నిక్కచ్చిగా గర్వమే. ఆ తీగ ఇక ఆవిడ ఉన్నా లేకపోయినా నిలబడుతుంది.

ఐదుంబావు. ఎర్త్‌లు కిందకి వచ్చాయి. ఆరింటినీ నేల మీద వరసగా పరిపించి, ఒక్కోదాన్నీ కాలితో తాకుతూ లెక్కపెట్టింది. తను లెక్కపెట్టాక మేస్త్రిని పెట్టమంది. ఆయన మొహం ఎర్రబడింది గానీ, వంగి ఒక్కోదాన్నీ చేత్తో ముట్టుకుంటూ లెక్కపెట్టాడు. "ఆరు" అన్నాడు. మనుషుల్ని కూడా అలాగే, ఒక్కొక్కళ్ళూ ఎదురుగా వచ్చి "నేను దిగాను, ఇక నా లెక్కలో ఇది కరెంటున్న లైనే" అని నోటితో చెప్పాకే సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి లైను తిరిగిచ్చింది. ఐదు నిమిషాల్లో తీగ సన్నగా జుమ్మనడం మొదలెట్టింది. రోడ్డు మీద ఆపిన బస్సులు కదిలాయి. అందులోవాళ్ళకి ఏం జరిగిందో తెలీదు, తెలియాల్సిన పనీ లేదు.

నాలుగో రోజున మెమో వచ్చింది. నాలుగున్నర గంటల ఆలస్యానికి సంజాయిషీ ఇవ్వాలనీ, తేలేదాకా పర్మిట్ పుస్తకంలో పేరు ఉండదనీ. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని ఆగక్క ఏడ్చింది. మొగుడు వచ్చి పక్కన కూర్చున్నాడు. అత్తగారు మాత్రం, "తప్పు చేసి ఏడిస్తే ఓ అర్థముంది. నువ్వెందుకే ఏడవడం?" అని కసిరి, కంచంలో ఇంకో ముద్ద వేసింది.

సంజాయిషీ రోజున ఆగక్క కాగితం రాయలేదు. కోసిన మూరెడు తీగ ముక్కని మొగుడి దగ్గర గుడ్డలో చుట్టించుకుని తీసుకెళ్ళింది. సంజాయిషీ వినే పెద్ద ఇంజనీరు నెరిసిన జుట్టు మనిషి, మాట తక్కువ. బల్ల పక్కన మన ఇంజనీరు గారు కూర్చుని ఉన్నాడు. ఆవిడ గుడ్డ విప్పి ముక్కని బల్ల మీద పెట్టింది. పెద్దాయన పోగులు ఎడం చేసి, ఉక్కు మీద గోరు పెట్టి గీసుకుంటూ వెళ్ళాడు. గోరు గాట్లో ఆగింది. ఇంకోసారి ఆగింది. ముక్కని రెండు చేతులా పట్టుకుని కాస్త వంచాడు. మూడో ఉక్కు పోగు పుటుక్కున తెగింది.

ముక్కని బల్ల మీద పెట్టి ఆయన తలెత్తాడు. "స్లీవ్ వెయ్యమని నేనే రాతపూర్వకంగా ఆర్డరిచ్చి ఉంటే ఏం చేసేదానివమ్మా?"

ఆగక్క తల వంచలేదు. "లైను పనికిరాదని రాసి, పర్మిట్ తిరిగిచ్చి దిగిపోయేదాన్ని సార్. ఆ పనికి మీరు ఇంకో చెయ్యి చూసుకోవాల్సి వచ్చేది."

తలుపు దగ్గర అలికిడైంది. ఎవరూ పిలవకుండానే గ్యాంగంతా వసారాలోకి వచ్చి నిలబడి ఉంది. ముందు మేస్త్రి, చేతిలో టోపీ.

"ఇంకో చెయ్యి దొరకదు సార్" అన్నాడాయన. "ఆ రోజే అడిగి చూశారు."